కొండకి అగ్గి పడితే: తిరుపతోళ్ళని అందరూ అడిగే ప్రశ్నలు

శివరాత్రి పోయి ఎండలు ముదిరినాయంటే చాలు, మా ఇంటికి ఫోన్లు మొదలు. బెంగళూరు నుంచి పిన్నమ్మ కొడుకు, చిత్తూరు నుంచి మేనత్త, యాడాడో సెటిలైన క్లాస్‌మేట్లు, అందరిదీ ఒకటే మాట, "ఏమప్పా కొండ కాల్తా ఉందంట, మీ ఇల్లు ఎట్లుంది?" అని. మా ఇల్లు కపిలతీర్థం దగ్గర, మిద్దె ఎక్కితే శేషాచలం కొండ మొహం మీదే ఉన్నట్టు ఉంటాది, కాబట్టి వాళ్ళు అడగడంలో తప్పేం లేదు. చెప్పిందే చెప్పి చెప్పి నాకే విసుగొచ్చి, ఈసారి అన్నీ ఒకచోట రాసిపెడదామని కూర్చున్నా. నేను ఫారెస్టు ఆఫీసర్ని గాదు, పుట్టినప్పట్నుంచి ఈ కొండ కిందే ఉండేవోణ్ణి. రాత్రిళ్ళు మిద్దె మీద పడుకోని మంట ఏ పక్కకి పోతా ఉందో చూసిన అనుభవం మాత్రం బాగానే ఉంది.

అసలు తిరుపతి ఊరు కాలిపోయే ప్రమాదం ఉందా?

భయం పోగొట్టుకోవాలంటే ముందు ఒక అగ్గిపుల్ల గీయండి. తల పైకి పెట్టి పట్టుకుంటే మంట నిదానంగా కిందికి దిగుతాది, చానా సార్లు మధ్యలోనే ఆరిపోతాది. అదే తల కిందికి వంచి పట్టుకోండి, రెండు మూడు సెకన్లలో వేలు కాల్తాది. కొండ మీద మంటది కూడా ఇదే లెక్క. వేడి పైకి పోయి పైనుండే గడ్డిని ముందే ఎండబెట్టి రెడీగా పెడతాది, అందుకే మంట వాలు ఎక్కేటప్పుడు పరుగు, దిగేటప్పుడు నడక. వాలు 10 డిగ్రీలు పెరిగితే వేగం సుమారుగా రెండింతలు అవుతాదని ఫైరోళ్ళు మోటు లెక్క ఒకటి చెప్తారు.

మన ఊరు కొండ కింద ఉంది, అంటే మంట మామూలుగా మన నుంచి దూరంగా పైకే పోతాది. పైన తిరుమల ఉంది చూడండి, వాళ్ళకి లెక్క తిరగబడతాది, మంట వాళ్ళ మీదికి ఎక్కుతాది. ఇన్నేండ్లుగా జనాలు నాకు ఫోన్ చేసి మా ఇంటి గురించి అడుగుతారే గానీ, పైన కొండ మీద కాపరముండే వాళ్ళ గురించి ఒక్కరూ అడగరు, అక్కడ ఊరే లేనట్టు.

అట్లని మనకి అసలు భయమే లేదని కాదు. ఒకోసారి రాత్రిపూట గాలి కొండ మీద్నుంచి కిందికి దిగుతాది. కాలిన మొద్దులు, రాళ్ళు దొర్లుకుంటా వచ్చి కింద ఎండు గడ్డిలో పడతాయి, అక్కడ్నుంచి కొత్త మంట లేస్తాది. జీవకోన, మంగళం, కరకంబాడి రోడ్డు, అటుపక్క చంద్రగిరి దిక్కు అడవిని ఆనుకోని ఉండే ఇండ్లోళ్ళు రొంత కన్నేసి ఉండాల్సిందే. ఊరి మధ్యలో ఉండే వాళ్ళకి వచ్చేది పొగ ఒక్కటే, దాని సంగతి కింద చెప్తా.

లాస్ ఏంజిలస్‌లో ఊర్లకి ఊర్లే కాలిపోయినాయి కదా, ఇక్కడ ఎందుకు కాలవు?

2025 జనవరి 7న అక్కడ పాలిసేడ్స్, ఈటన్ అని రెండు పెద్ద మంటలు ఒకే రోజు లేచినాయి. మా దూరపు చుట్టాలమ్మాయి అటుపక్కే ఉంటాది, ఆ వారం రోజులూ మా అత్తకి నిద్ర లేదు. 16 వేలకి పైగా కట్టడాలు పోయినాయి అక్కడ. కారణాలు చూస్తే రెండు మూడు కనిపిస్తాయి. వాళ్ళ ఇండ్లు చానావరకు చెక్క ఫ్రేముతో కట్టినవి, ఇంటి గోడ దాకా చెట్లు, పొదలు పెంచుకుంటారు. ఆ రోజు శాంటా ఆనా అనే ఎండు గాలులు గంటకి 130 కిలోమీటర్లు దాటి కొట్టినాయి, నెలల తరబడి సరిగ్గా వాన లేదు. ఆ గాలికి మంటకంటే ముందు నిప్పురవ్వలు ఎగిరిపోయి చూరుల్లో, వెంటిలేటర్ల కన్నాల్లో దూరినాయి. ఇండ్లు చానామటుకు ఆ రవ్వలతోనే అంటుకున్నాయి, మంట గోడ దాకా రానక్కర్లేదు.

మనవి ఇటుక గోడలు, సిమెంటు స్లాబులు. స్లాబు మీద నిప్పురవ్వ పడితే అదే ఆరిపోతాది. దానికి తోడు మన అడవిలో కాలేది ఎక్కువగా నేల మీది గడ్డి, రాలిన ఆకు. ఎండాకాలంలో మన చెట్లు ఆకు రాల్చేస్తాయి కాబట్టి కొమ్మల్లో పట్టుకోని చెట్టు చెట్టుకీ దూకే మంట మనకి తక్కువ. మోకాలెత్తు, నడుమెత్తు మంట గీత మాదిరి పాకుతా పోతాది. రాత్రి దూరం నుంచి చూస్తే కొండకి ఎవరో సీరియల్ లైట్లు కట్టినట్టుంటాది, అందుకే జనాలు ఉన్నదానికంటే ఎక్కువ భయపడేది.

ఒక్క మాట మాత్రం. మీ మిద్దె మీద ఎండు కొబ్బరి మట్టలు, పాత పరుపులు, అట్టపెట్టెలు, రేకు కింద కట్టెలు పేర్చి పెట్టుంటే ఆ స్లాబు లెక్క నడవదు. నిప్పురవ్వకి మీరే మంచం వేసినట్టు.

2014లో హెలికాప్టర్లు వచ్చినాయంటారు, నిజమేనా?

నిజమే, నేను కండ్లారా చూసినా. 2014 మార్చిలో, రాష్ట్రం విడిపోయే గొడవల్లో ఉంది, రాష్ట్రపతి పాలన నడస్తా ఉంది. తిరుమల చుట్టూ, పాపవినాశనం దిక్కున అడవి అంటుకునింది. మామూలుగా ఒక రాత్రికి ఆరిపోయేది ఆసారి ఆరలేదు, ఒకచోట ఆరిపితే ఇంకోచోట. చివరికి వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చి కింద తాడుకి పెద్ద బకెట్ కట్టుకోని నీళ్ళు తెచ్చి పోసినాయి. ఊరంతా మిద్దెల మీదే, పిల్లోళ్ళకి తిరునాళ్ళ మాదిరి. మా అవ్వ మాత్రం ఒక చెయ్యి నెత్తిన పెట్టుకోని, "అంత పెద్ద కొండకి ఆ చెంబెడు నీళ్ళు యాడ చాలతాయిరా" అనింది. నిజానికి ఆ నీళ్ళు మంటని పూర్తిగా ఆర్పేదానికి కాదు. వేగం తగ్గించి, మనుషులు పోలేని లోయల్లో మంటని కట్టడి చేస్తే, మిగిలింది కింద కాళ్ళ మీద నడిచే మనుషులు కొమ్మలతో కొట్టి ఆర్పుకుంటారు. పేపర్లో ఫోటో హెలికాప్టర్‌ది పడింది, కొమ్మలోళ్ళది పడలా.

అడవికి నిప్పు ఎట్ల అంటుకుంటాది? వెదుర్లు రాసుకోనా?

వెదురు కథ నేను కూడా చిన్నప్పట్నుంచి వింటా ఉన్నా. గాలికి వెదురు బొంగులు రాసుకోని నిప్పు పుడతాదంట. వినేదానికి బాగుంటాది, ఎవరి మీదా నింద పడదు. పిడుగు పడి అంటుకోవడం అప్పుడప్పుడు ఉంటాది గానీ మన దగ్గర పిడుగు వచ్చిందంటే దాని వెనకాలే వాన కూడా వస్తాది. ఫిబ్రవరి, మార్చిలో ఆకాశంలో మబ్బు తునక లేని రోజు మధ్యాహ్నం అడవి అంటుకునిందంటే అది మనిషి చేసిందే, సందేహం లేదు.

మనిషి అంటే ఒకరని కాదు. బీడీ ఆర్పకుండా పారేసినోడు. తేనెకి పొగ పెట్టి ఆర్పకుండా వచ్చినోడు. ముదురు గడ్డి కాలిపోతే తొలకరికి లేత గడ్డి వస్తాదని గొర్రెలు మేపే వాళ్ళు. అడవి పక్క పొలంలో గట్టు మీద ముళ్ళకంప కాల్చి, గాలి తిరిగితే నాకేం తెలుసంటాడు ఇంకొకడు. ఎర్రచందనం దుంగలకని దొంగతనంగా దూరి లోపల రోజుల తరబడి వంట చేసుకునే కూలీలు. వీళ్ళు చాలక, చెప్తే మీకు కోపం రావచ్చు, గానీ ఘాట్ రోడ్డు మలుపులో కారాపి సిగరెట్ తాగి రోడ్డు పక్కకి విసిరేసే భక్తులు. కొండెక్కేది మొక్కు తీర్చుకునేదానికి, దార్లో చేసేది ఈ పని. రిజర్వు ఫారెస్టులో నిప్పు పెట్టడం 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరం, పొరపాటున పెట్టినా సరే.

ఆర్పేది ఎవరు? ఫైరింజన్ ఎందుకు పోదు?

ఫైరింజన్ ఘాట్ రోడ్డు దాకా వస్తాది, పైపు ఎంత పొడుగున్నా రోడ్డు నుంచి కొంత దూరమే. ఆ తర్వాత రాళ్ళు, ముళ్ళు, లోయ. అక్కడికి పోయేది ఫారెస్టు సిబ్బంది, ఎండాకాలానికని పెట్టుకునే ఫైర్ వాచర్లు. వాళ్ళ ఆయుధాలు చూస్తే మీరు నమ్మరు. పచ్చి కొమ్మలు, కొడవలి, గొడ్డలి, ఈమధ్య కాలంలో వీపుకి తగిలించుకునే బ్లోయర్లు. ఆ బ్లోయర్‌తో మంటని ఊది ఆర్పుతారేమో అనుకున్నా నేను ముందు, తీరా అడిగితే అది కాదంట. మంటకి ముందు నేల మీద ఆకంతా ఊది పక్కకి తోసేసి వట్టి మట్టి గీత ఒకటి తీస్తారు, మంట అక్కడికి వచ్చి తినేదానికి ఏమీ లేక ఆగిపోతాది. దాన్నే ఫైర్ లైన్ అంటారు. ఎండలు రాకముందే ఇట్లాంటివి తీసి పెట్టుకుంటారు, మంట మరీ పెద్దదైతే ఎదురు మంట పెట్టి మధ్యలో కలిపి చంపేది కూడా ఉంది, అది మాత్రం చెయ్యి తిరిగినోళ్ళ పని.

తెల్లారుజామున పని బాగా సాగుతాదంట, గాల్లో తేమ ఉంటాది, మంట మెత్తబడి ఉంటాది. మాకు తెలిసిన వాచర్ ఒకాయన మా వీధిలోనే ఉంటాడు, పొద్దున ఆరు గంటలకి ఇంటికి వస్తే మనిషి నల్లగా, కనురెప్పల వెంట్రుకలు కమిలిపోయి, చెప్పుల కింద రబ్బరు కరిగి ఒకపక్కకి ఒరిగిపోయి ఉంటాయి. ఒకసారి మా అమ్మ మజ్జిగ చెంబు ఇస్తే తాగి, రెండో చెంబు నెత్తిన పోసుకున్నాడు.

పొగ వస్తే ఇంట్లో ఏం చెయ్యాలి?

ఊర్లో ఉండేవాళ్ళకి అసలు సమస్య ఇదే. పొగలో కంటికి కనిపించే మసి పెద్ద కథ కాదు, ముక్కులో ఆగిపోతాది. కనిపించని సన్న కణాలు, పీఎం 2.5 అంటారు, మన వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉంటాయి, అవి ఊపిరితిత్తుల అడుగు దాకా పోతాయి.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది, కూలర్ ఆపండి. తిరుపతిలో సగం ఇండ్లల్లో కిటికీకి బిగించిన ఎయిర్ కూలర్ ఉంటాది. అది చేసే పనే బయట గాలి పీల్చి లోపలికి తోయడం, అంటే బయట పొగ ఉంటే మీరు కరెంటు బిల్లు కట్టి మరీ పొగ ఇంట్లోకి తెచ్చుకుంటా ఉన్నట్టు. తడి గడ్డి ప్యాడ్ పొగని ఆపుతాదని మా బావ వాదిస్తాడు, దుమ్ము రొంత ఆపుతాదేమో గానీ సన్న కణాలని ఆపదు. స్ప్లిట్ ఏసీ అయితే పరవాలేదు, అది ఇంట్లో గాలినే తిప్పుతాది. విండో ఏసీకి పక్కన వెంట్ అని చిన్న మీట ఉంటాది, అది మూసి పెట్టండి. కార్లో అయితే గాలి లోపలే తిరిగే బటన్ నొక్కండి, ఘాట్ రోడ్డులో మరీ ముఖ్యం.

ఇంట్లో ఒక గది చూసుకోండి, కిటికీలు సరిగ్గా పడేది, తలుపు కింద తడి గుడ్డ పెట్టండి. ఆ గదిలో అగరుబత్తి, సాంబ్రాణి, దోమల కాయిల్ వెలిగించొద్దు. బయట పొగకి భయపడి కిటికీలన్నీ మూసి లోపల సాంబ్రాణి వేసిన ఇంటిని నేను చూసినా, ఆ ఇల్లు మాదే. మిరపకాయ పోపు కూడా ఆరోజుకి వాయిదా వేస్తే మేలు. పొగ తగ్గిన గంట చూసి కిటికీలు తెరిచేయండి, రోజంతా మూసి ఆ ఎండలో ఉడికిపోయినా కష్టమే.

పొగ ఎంతుందో కంటితో చూసి చెప్పలేం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలిది సమీర్ అనే యాప్ ఉంది, అందులో గాలి ఎంత చెడిందో చెప్పే ఏక్యూఐ నెంబరు చూడొచ్చు. 100 లోపల అయితే మీ పని మీరు చేసుకోండి. 200 దాటితే పిల్లోళ్ళని, పెద్దోళ్ళని బయట తిప్పొద్దు. 300 దాటితే పొద్దున వాకింగులు అందరూ మానుకోవాల్సిందే. ఒకటి గుర్తుపెట్టుకోండి, గాలి కొలిచే మిషను ఉండేచోట గాలి వేరు, మీ వీధిలో గాలి వేరు, మీ ముక్కుకి కాలిన వాసన వస్తా ఉంటే యాప్ ఏం చెప్పినా ముక్కు మాటే వినండి.

మాస్కు ఏది వాడాలి?

ఎన్95. కరోనాకి కొన్న గుడ్డ మాస్కులు, నీలం రంగు సర్జికల్ మాస్కులు పొగకి పెద్దగా పనిచెయ్యవు, పక్కల నుంచి గాలి దూరతాది. తడి టవల్ ముక్కుకి కట్టుకుంటే గొంతుకి హాయిగా ఉంటాది గానీ సన్న కణాలు ఆగవు. నేను ఒకసారి ఒక షాపులో ఎన్95 అని 40 రూపాయలు పెట్టి కొన్నా, ఇంటికి తెచ్చి చూస్తే లోపల ఒకటే పొర, దీపం ముందు పెట్టి ఊదితే దీపం ఆరిపోయింది. మీరు కూడా ఇట్లే పరీక్ష చేసి చూడండి.

మా నాయనకి ఆస్తమా ఉంది, ఊరు వదిలి పోవాల్నా?

నాలుగైదు రోజులు చిత్తూరుకో, శ్రీకాళహస్తికో, చుట్టాలింటికి పోయే వీలుంటే పంపించేయండి, అందులో పిరికితనం ఏమీ లేదు. వీలు కాకపోతే ఇన్హేలర్ చేతికి దొరికేచోట పెట్టుకోండి, అయిపోవస్తా ఉంటే ముందే ఇంకొకటి తెచ్చుకోండి. మాట్లాడతా ఉంటే మధ్యలో ఆగి ఆగి ఊపిరి తీసుకుంటా ఉన్నా, పెదాలు నీలంగా మారినా, గుండె పట్టేసినట్టుందన్నా ఇంగ యాప్‌లు, చిట్కాలు వద్దు, 108కి ఫోన్ చేయండి. గుండె జబ్బు ఉండేవాళ్ళకి, కడుపుతో ఉండే ఆడోళ్ళకి కూడా ఇదే జాగ్రత్త.

దర్శనం టికెట్ ఉంది. కొండకి పోవచ్చా?

మామూలుగా పోవచ్చు. కొండ మీద ఏదో ఒక మూల అడవి కాల్తా ఉంటే గుడి మూసెయ్యరు, బస్సులు ఆగవు. రోడ్డుకి దగ్గరకి వస్తే ఆ రోడ్డు ఆపుతారు, ఆపినోళ్ళతో పోట్లాడొద్దు. నడిచిపోయే వాళ్ళు మాత్రం ఆలోచించుకోండి. అలిపిరి దారి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, ఎక్కేటప్పుడు మనిషి మామూలు కంటే చానా ఎక్కువ గాలి పీలుస్తాడు, ఆ గాలిలో పొగ ఉంటే అదంతా లోపలికే. మొక్కు ఎక్కడికీ పోదు, సామి కూడా ఎక్కడికీ పోడు, బస్సెక్కి పోయి వచ్చేసారి నడవండి.

తుంబురు తీర్థం, తలకోన ట్రెక్కింగులు?

తిరుమల అడవి లోపలుండే తుంబురు తీర్థంలో జరిగే ముక్కోటి ఫాల్గుణ పున్నమికి వస్తాది, అంటే సరిగ్గా అడవి ఎండి ఉండే రోజుల్లో. వేలమంది పోతారు, ఏర్పాట్లు ఉంటాయి, గుంపులోనే ఉండండి. విడిగా, పర్మిషన్ లేకుండా, యూట్యూబ్‌లో చూసి పోయే కుర్రోళ్ళకే నా మాటలు. 2018 మార్చిలో తమిళనాడులో తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కి పోయినోళ్ళని మంట చుట్టుముట్టింది, ఇరవై మందికి పైగా చనిపోయినారు. వాళ్ళు ఎండు గడ్డి ఉండే వాలు మీద ఉన్నారు. ముందు అగ్గిపుల్ల సంగతి చెప్పినా కదా, మంట కింద ఉండి మీరు పైన ఉంటే పైకి పరిగెత్తి మంటని గెలవలేరు. పక్కకి పోండి. బండరాళ్ళు, వాగు, వట్టి నేల, లేదంటే ముందే కాలిపోయి చల్లారిన నల్ల నేల, వీటిలో ఏది దగ్గరుంటే దాని మీదికి పోండి. కాలిన నేల ఇంగోసారి కాలదు. నైలాన్, పాలిస్టర్ బట్టలు కరిగి ఒంటికి అతుక్కుంటాయి, అడవికి పోయేటప్పుడు నూలు బట్టలు వేసుకోండి.

అడవి జంతువులు ఊర్లోకి వస్తాయా?

చిరుతలు మంట లేకపోయినా వస్తా పోతా ఉంటాయి, కుక్కల కోసం. మంట ఉన్నప్పుడు దుప్పులు, కణుజులు, పందులు, పాములు అంచులకి దిగుతాయి, నీళ్ళ కోసం ఇండ్ల దగ్గరికి కూడా వస్తాయి. ఒకేడు మా పెరట్లో తొట్టి దగ్గర దుప్పి పిల్ల నిలబడి ఉంది, కాళ్ళు వణకతా. మా తమ్ముడు ఫోన్ తియ్యబోతే మా అమ్మ వాడి చేతి మీద ఒకటి కొట్టి లైటు ఆర్పేసింది. అది నీళ్ళు తాగి, రొంతసేపు అట్లే నిలబడి, గోడ పక్కన సందులో నుంచి వెళ్ళిపోయింది. మీరు కూడా అంతే చేయండి, కుక్కని కట్టేసి లైటు ఆర్పి లోపల ఉండండి. గాయపడి ఉంటే ఫారెస్టోళ్ళకి చెప్పండి, మీరు పట్టుకోబోవద్దు.

గడ్డివామి, గొడ్ల కొట్టం ఉండేవాళ్ళు ఏం చెయ్యాలి?

నిజంగా ఆస్తి పోయేది వీళ్ళకే, వీళ్ళ గురించి ఎవరూ రాయరు. అడవి వైపు ఉండే వామిని ఎండలు ముదరకముందే ఇంటికి ఇంకోపక్కకి మార్చుకోండి, ఇంటికీ వామికీ మధ్య దూరం ఉండాల. బోద గడ్డి కప్పిన కొట్టం అయితే చుట్టూ పది అడుగులు ఎండుగడ్డి లేకుండా చెక్కేయండి. డ్రమ్ముల్లో నీళ్ళు నింపి పెట్టుకోండి, కరెంటు పోతే మోటరు పనిచెయ్యదు. మంట దగ్గరికి వస్తా ఉందంటే గొడ్ల తలుగులు విప్పేయండి, లేదంటే కోసేయండి, అవి దారి చూసుకుంటాయి. కట్టేసి వెళ్ళిపోవడం మాత్రం మహా పాపం. ఫైరుకి 101, ఏదీ గుర్తు రాకపోతే 112.

బ్యాగు సర్దుకోవాల్నా? ఏం పెట్టుకోవాల?

అడవి అంచున ఉండేవాళ్ళు మార్చి నుంచి మే దాకా ఒక బ్యాగు సర్దుకుంటే నష్టం లేదు. ఇంటి దస్తావేజులు, ఆధార్లు, పాస్‌బుక్కులు, మందుల చీటీ, వారానికి సరిపడా మందులు, టార్చి, ఛార్జరు, రొంత చిల్లర డబ్బు, ఎందుకంటే సిగ్నల్ లేకపోతే ఫోన్‌పే పనిచెయ్యదు. దస్తావేజులు ఫోటో తీసి చుట్టాల ఫోన్లో కూడా ఒక కాపీ పెట్టుకోండి. పోయేటప్పుడు గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ ఆఫ్ చేసి పోండి. నగలు ఎక్కడ పెట్టుకోవాలని మా పిన్నమ్మ అడిగింది, అది ఇట్లా బయట రాసే విషయం కాదు పిన్నమ్మా.

అడవి మంటకి ఇన్సూరెన్స్ వర్తిస్తాదా?

వర్తిస్తాది. 2021 ఏప్రిల్ నుంచి అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలూ ఇండ్లకి 'భారత్ గృహ రక్ష' అనే ఒకే మాదిరి పాలసీ అమ్ముతా ఉన్నాయి, అందులో అడవి మంటలు కూడా ఉన్నాయి. ఇంటికి తీసుకున్న మొత్తంలో 20 శాతం దాకా, 10 లక్షలకి మించకుండా, లోపలి సామాన్లకి కూడా వస్తాది. బండికి థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే మంటలో పోతే పైసా రాదు.

కొండ మొత్తం కాలిపోయిందని వీడియో వచ్చింది, నిజమా?

ముందు ఆ వీడియోలో చెట్లు చూడండి. సూదుల్లాంటి ఆకులతో దేవదారు మాదిరి చెట్లు కాల్తా ఉంటే అది శేషాచలం కాదు, ఇంకేదో చోటు. 2010లో శేషాచలాన్ని బయోస్ఫియర్ రిజర్వ్‌గా ప్రకటించినారు, అదంతా 4,700 చదరపు కిలోమీటర్లకి పైన ఉంటాది, కడప దాకా. ఒక రాత్రిలో 'మొత్తం' కాలేది కాదు. నిజం తెలుసుకోవాలంటే ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు ఉపగ్రహాలతో మంటలు కనిపెట్టి వన్ అగ్ని పోర్టల్‌లో పెడతారు, కావాలంటే మీ ఫోన్‌కి కూడా అలర్టులు వచ్చేలా నమోదు చేసుకోవచ్చు. ఉపగ్రహం రోజుకి కొన్నిసార్లే పైనుంచి పోతాది, 375 మీటర్ల గడి ఒక చుక్కగా కనిపిస్తాది, కాబట్టి అందులో చుక్క కనిపిస్తే 'మా వీధి వెనకాలే' అని ఏడవాల్సిన పని లేదు. మిద్దె ఎక్కి చూస్తే సరి.

కాలిన అడవి మళ్ళీ వస్తాదా?

ఎర్రచందనం మొండి చెట్టు, కొట్టేసినా మోడు నుంచి పిలకలు వేస్తాది. సైకస్ బెడ్డోమి అని ఈత మొక్కలాగా ఒకటి మన కొండల్లోనే పెరుగుతాది, దాని ఆకులు కాలిపోయినా మధ్యలో నుంచి కొత్త చిగురు వస్తాది. జూన్‌లో రెండు వానలు పడితే బోద గడ్డి పచ్చగా లేచి నిలబడతాది, కొండ కాలిందని కొత్తగా వచ్చినోళ్ళకి చెప్పినా నమ్మరు. అది చూసి మనం మోసపోతాం. ప్రతి ఏడూ ఒకేచోట కాల్తా ఉంటే గడ్డి వస్తాది గానీ మూడడుగుల చిన్న మొక్కలు చెట్లు కావు, అవి పెద్దవయ్యేలోపల మళ్ళీ మంట. ముసలి చెట్లు, గడ్డి, మధ్యలో పిల్లచెట్లు లేవు. మాకు తెలిసిన ఆ వాచర్ దీన్ని "ముసలోళ్ళు మాత్రం మిగిలిన పల్లె" అన్నాడు. ఇంకొకటి, ఆకు దుప్పటి లేని వాలు మీద వాన పడితే నీళ్ళు ఇంకవు, మట్టిని తీసుకోని కిందికి వస్తాయి. కొండ నుంచి నీళ్ళు ఒక్కసారిగా దిగితే ఎట్లుంటాదో 2021 నవంబర్‌లో ఊరంతా చూసినాం, అప్పుడు కారణం వాన గానీ మంట కాదు, కానీ నీళ్ళు వచ్చే దారి మాత్రం అదే.

ఆఖరిది, మా మేనత్త ప్రశ్న: మిద్దె మీద ఎండబెట్టిన వడియాల మీద బూడిద పడింది, తినొచ్చా?

అత్తా, మా ఇంట్లో ఇది ప్రతి ఏడూ ఉండే గొడవే. తెల్లారి మిద్దె ఎక్కితే తెల్ల పంచె మీద బియ్యప్పిండి వడియాలు, వాటి మీద నల్లగా బోద గడ్డి పోచలు, ఈనె కూడా చెదరకుండా అట్లే ఉంటాయి, వేలితో తాకితే పొడైపోతాయి. పూర్తిగా ఎండిపోయిన వడియాలైతే మెత్తటి బ్రష్షుతో దులిపేసుకోవచ్చు. పచ్చిగా ఉన్నప్పుడు పడితే మాత్రం లోపలికి అతుక్కుంటాది, ఎంత గోకినా పోదు, నూనెలో వేయిస్తే కాలిన వాసన. అవి పారేసి మళ్ళీ పెట్టుకోండి, ఈసారి పైన పాత నైలెక్స్ చీర కప్పండి. మా అమ్మ పారెయ్యలేదు, అంత పిండి రుబ్బినా అని వేయించి పెట్టింది, మేము నోరు మూసుకోని తిన్నాం.